ముప్ఫై రెండో గింజ

2025 మార్చి 6, గురువారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. బయట నలభై ఆరు ఫారెన్‌హీట్ డిగ్రీలు, పడమటి గాలి, కనపడీ కనపడని వాన. ఆసుపత్రి నాలుగో అంతస్తు గదిలో నరాల డాక్టరు నా భార్య కుడిచేతిని తన రెండు చేతుల మధ్య పట్టుకుని విషయం చెప్పడం మొదలుపెట్టింది. నేను గోడ మీది గడియారం చూశాను. ఎవరైనా పెద్ద మాట చెప్పబోతున్నారనిపిస్తే ముందు వేళ గుర్తుపెట్టుకోవడం నా అలవాటు. మాటను తరువాత మనమే నాలుగు రకాలుగా చెప్పుకుంటాం. వేళ మాత్రం మారదు.

నా భార్యకు అప్పటికి అరవై ఎనిమిదేళ్ళు. పార్కిన్సన్స్ జబ్బని తేలి తొమ్మిదేళ్ళు దాటింది. మాత్ర వేసుకున్న కాసేపటికి చెయ్యి కుదురుకుంటుంది, దాని బలం తగ్గగానే వణుకు మళ్ళీ మొదలవుతుంది. డాక్టరు చెప్పినది ఇది: మెదడులో నశించిన కణాల స్థానంలో ప్రయోగశాలలో పెంచిన కొత్త కణాలను శస్త్రచికిత్స చేసి నాటే ప్రయోగం ఒకటి జరుగుతోంది. దానికి నా భార్య పనికివస్తుందేమో పరీక్షలు చేసి చూడవచ్చు. పనికివచ్చినా, కొందరికి కణాలు నాటుతారు, కొందరికి పైపైన కోత మాత్రం పెట్టి కుట్టేస్తారు. ఎవరికి ఏది జరిగిందో చాలాకాలం చెప్పరు. ఫలితానికి హామీ లేదు. పరీక్షలకు వచ్చేదీ రానిదీ ఇరవై ఒకటో తేదీ శుక్రవారంలోగా చెప్పాలి.

“ఆ కణాలు ఎక్కడివి?” అని నా భార్య అడిగింది.

డాక్టరు దాచలేదు. పిల్లల కోసం చికిత్స చేయించుకున్న దంపతులెవరో, తమకు ఇక అవసరం లేని ఒక పిండాన్ని చాలా ఏళ్ళ క్రితం పరిశోధనకు దానం చేశారు. రోజుల వయసున్న పిండం. చుక్క పెడితే ఆ చుక్కలో ఇమిడిపోతుంది. దాని నుంచి తీసిన మూలకణాలే ప్రయోగశాలలో ఇన్నేళ్ళుగా పెరుగుతూ వస్తున్నాయి. ఆ పిండం ఇప్పుడు లేదు. ఇచ్చినవారెవరో పుచ్చుకునేవారికి చెప్పరు.

మేముండే బాతెల్ ఊరికి కారులో తిరిగి వచ్చే దారిలో నా భార్య కిటికీ అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. మా వీధి మలుపు దగ్గర పడ్డాక మాట్లాడింది.

“ముప్ఫై ఏళ్ళుగా ఈ దేశంలో కేకు ముక్క చేతిలో పెడితే గుడ్డుందా అని అడుగుతున్నదాన్ని. ఇప్పుడు దీన్నేమని అడగనండీ?”

“ఇది తినేది కాదు కదా.”

“తినేదైతే వద్దని పక్కన పెట్టేదాన్ని. ఇది ఒంట్లో ఉండిపోయేది.”

మాకు పిల్లలు లేరు. రెండుసార్లు ఆమెకు గర్భం వచ్చి, రెండుసార్లూ నిలవలేదు. ఆ రెండు తేదీలూ నాకు కంఠతా వచ్చు. ఆమె మాత్రం తేదీలు చెప్పదు. ‘మొదటిది’, ‘రెండోది’ అంటుంది, అదీ ఎప్పుడో ఒకసారి. ఆ రోజు కారులో ఆ రెండు మాటలూ అనలేదు. అనకపోయినా అవి మా ఇద్దరి మధ్యా ఉన్నాయని నాకు తెలుసు.

ఇంటికి వచ్చాక, కోటు విప్పకుండానే సోఫాలో కూర్చుని, తనకు ఏం కావాలో చెప్పింది.

“మీరు జన్మంతా లెక్కలు తీశారు. నాకూ ఒక లెక్క తీసి పెట్టండి. మన పాట్‌లక్‌లో నా పక్కన కూర్చుని తినేవాళ్ళు ఇలాంటి పరిశోధనను ఏమనుకుంటారో నాకు తెలియాలి. వాళ్ళు ఒప్పుకుంటేనే చేయించుకుంటానని కాదు. కానీ రేపు నా ఎదుట ఎవరూ మాట మింగి కూర్చోకూడదు. అది నేను భరించలేను.”

ఆమె ఒక నిర్ణయానికి అంకెలు అడగడం మా నలభై నాలుగేళ్ళ కాపురంలో అదే మొదటిసారి. నేను సంతోషంగా ఒప్పుకున్నాను.

నా ఉద్యోగం సంగతి ఇక్కడ రెండు మాటల్లో చెప్పాలి. ఈ దేశం వచ్చి బీమా కంపెనీలో చేరకముందు గుంటూరు జిల్లాలో పంట దిగుబడి అంచనా కట్టే పనిలో ఉండేవాడిని. పొలంలో కొలిచిన చిన్న మడికి నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టి, తాడు కట్టి, అందులో పండినది కోయించి, నూర్పించి, తూకం వేయించేవాళ్ళం. ఆ మడి ఎక్కడ పెట్టాలో రైతు చెప్పకూడదు, మేమూ కళ్ళతో చూసి ఎంచకూడదు. అంకెల పట్టికలో ఏ సంఖ్య వస్తే అక్కడే. ఎందుకంటే ఏ రైతయినా మమ్మల్ని మర్యాదగా తీసుకువెళ్ళి నిలబెట్టేది పొలంలో బాగా పండిన మూలలోనే. అది మోసం కాదు. ఇంటికి వచ్చిన మనిషికి మంచిదే చూపించాలన్న పద్ధతి.

శని, ఆదివారాల్లో మా అపార్ట్‌మెంట్ సముదాయంలోని పదకొండు తెలుగు ఇళ్ళకు వెళ్ళాను. నా భార్యకు వచ్చిన అవకాశం గురించి ఎక్కడా ఎత్తలేదు. ప్రశ్నను ముందే కుదించి పెట్టుకున్నాను: ‘సంతాన చికిత్స చేయించుకున్న దంపతులు తమకు అక్కర్లేని పిండాలను ఇష్టపూర్వకంగా ఇస్తే, వాటి మూలకణాలతో జబ్బులకు మందు కనిపెట్టే పరిశోధన మీకు సమ్మతమేనా?’ ప్రతి ఇంట్లోనూ ఇవే మాటలు, ఇదే వరసలో.

నాలుగో ఇల్లు వెనక బిల్డింగ్‌లో ఉండే ఒక యువ దంపతులది. అతనిది వరంగల్ వైపు, రెడ్‌మండ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆమెది విజయవాడ, బాతెల్‌లోనే ఒక బయోటెక్ ల్యాబ్‌లో పనిచేస్తుంది. నాలుగేళ్ళ పాప. తలుపు తీస్తూనే అతను, “రండి అంకుల్, రండి. ఆంటీకి ఎట్లుంది? మొన్న గ్రోసరీ స్టోర్‌ల చూసిన, చెయ్యి జర ఎక్కువ షేక్ అయితున్నట్టు అనిపించింది” అన్నాడు.

“పరవాలేదు బాబూ” అని, కూర్చుని, ప్రశ్న చదివాను.

“యెస్ అంకుల్. డౌటేముంది? మా ఇంట్ల ఇద్దరం యెస్సే, రాస్కోండి.”

“మీ ఆవిడను నేను విడిగా అడగాలి. పద్ధతి అది.”

“అడగండి అంకుల్. మా ఇంట్ల డెమోక్రసీయే. ఏమే, అంకుల్ ఓటడుగుతుండు, రా!”

ఆమె వంటింట్లోంచి మిరపకాయ బజ్జీల పళ్ళెంతో వచ్చింది. ప్రశ్న మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఆమె పళ్ళెం నా ముందు పెట్టి, “అవునంకుల్, మంచిదే కదా” అని, “చట్నీ తెస్తాను” అంటూ లోపలికి వెళ్ళిపోయింది. నేను ‘సమ్మతం, రెండు’ అని రాసుకున్నాను. బజ్జీలు మూడు తిన్నాను.

ఆ ఆదివారమే వేసవి వేళల కోసం ఇక్కడ గడియారాలు ఒక గంట ముందుకు జరిపారు. సరిగ్గా కొత్త పదింటికి నేను బెల్ కొట్టిన ఇంట్లో ఇంకా పాత తొమ్మిదే నడుస్తోంది. రాత్రి బట్టలతోనే తలుపు తీసిన ఇల్లాలు నన్ను చూసి, “అయ్యో అంకుల్, ఆంటీకేమైనా అయిందా?” అని కంగారుపడింది. ఆమె గుండె కుదుటపడేదాకా ఆగి ప్రశ్న అడిగాను. సమ్మతమే అంది. వెనక నుంచి భర్త కూడా పళ్ళు తోముకుంటూనే తల ఊపాడు.

ఆదివారం సాయంత్రానికి లెక్క తేలింది. పదకొండు ఇళ్ళు, ఇరవై ఆరుగురు పెద్దలు. సమ్మతం ఇరవై ఆరు. అసమ్మతం సున్న.

కాగితం నా భార్య ముందు పెట్టాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని చూసింది.

“మీ ఉద్యోగంలో ఎప్పుడైనా ఇలా నూటికి నూరు వచ్చిందా?”

“రాలేదు.”

“వస్తే ఏం చేసేవారు?”

“మళ్ళీ కొలవమనేవాణ్ణి.”

“మరి ఇప్పుడెందుకు మురిసిపోతున్నారు?” అని, కాగితం మడిచి పక్కన పెట్టింది. “మీరు లోపలికి వెళ్ళగానే వాళ్ళు ముందుగా ఏమడిగారు?”

“నీకెలా ఉందని.”

“అన్ని ఇళ్ళలోనూ?”

“అన్ని ఇళ్ళలోనూ.”

“అయితే వాళ్ళు సమాధానం చెప్పింది మీ ప్రశ్నకు కాదండీ. నా చేతికి. వణికే చెయ్యిని తలుచుకున్నాక, ఎదురుగా దాని మొగుడు కూర్చుని బజ్జీలు తింటుంటే, కాదని ఎవరంటారు?”

మడి ఎక్కడ పెట్టాలో రైతును అడగకూడదని ఎందరికో నేర్పిన వాణ్ణి నేను. ఆ రెండు రోజులూ పదకొండు ఇళ్ళవాళ్ళు నన్ను మర్యాదగా తీసుకువెళ్ళి తమ పొలంలో బాగా పండిన మూలలో నిలబెట్టారు. నేను ఆనందంగా తూకం వేసుకుని వచ్చాను.

రెండో లెక్కకు పద్ధతి ఇద్దరం కలిసి ఆలోచించాం. తలా ఒక వంటకం తెచ్చుకుని నెలకోసారి కలిసి తినే పాట్‌లక్ పదిహేనో తేదీ శనివారం మధ్యాహ్నం, మా క్లబ్‌హౌస్‌లో. ఒక్కొక్కరి చేతిలో మూడు గింజలు పెడతాం. పెసర గింజ సమ్మతం, మినప గింజ అసమ్మతం, వేరుశెనగ గింజ తేల్చుకోలేదు. క్లబ్‌హౌస్ వంటగదిలోకి ఒక్కొక్కరే వెళ్ళి తలుపు వేసుకోవాలి. లోపల మూతకు బెజ్జం చేసిన రెండు స్టీలు డబ్బాలు. మనసులో ఉన్న గింజ మొదటి డబ్బాలో, మిగతా రెండూ రెండో డబ్బాలో. బయటికి వచ్చేటప్పుడు ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు కనుక ఎవరిది ఏదో తెలిసే వీలు లేదు. నా భార్య కూడా వేస్తానంది. లెక్కించేవాడు వేయకూడదు కనుక నేను వేయనన్నాను. పాట్‌లక్‌కు ముందే గింజల సంగతి విన్న ఒకావిడ ఫోన్ చేసి, “అంకుల్, పీనట్స్ వద్దు. మా వాడికి అలర్జీ, ఎపిపెన్ ఇంజెక్షన్ పట్టుకుని తిరుగుతున్నాం” అంది. అందువల్ల వేరుశెనగల స్థానంలో శెనగలు వచ్చాయి.

శనివారం వాన లేదు. యాభై డిగ్రీలు, మబ్బు. బల్ల మీద వరసగా పులిహోర, పలావు, గుత్తివంకాయ, ‘ఎగ్‌లెస్’ అని కాగితం అంటించిన కేకు. భోజనాలకు ముందు నేను లేచి పద్ధతి చెప్పాను, ప్రశ్న చదివాను. వెంటనే, ఈ మధ్యే ఇక్కడ కూతురి దగ్గర స్థిరపడిన ఒక రిటైర్డ్ లెక్చరరు గారు కుర్చీ ముందుకు లాక్కున్నారు.

“ప్రాణం ఎప్పుడు ప్రవేశిస్తుందో తేల్చకుండా ఓటెలా వేస్తామండీ? ముందు దాని మీద చర్చ జరగాలి.”

“అది తేలేదాంక పలావు చల్లారిపోతది సార్” అన్నాడు వరంగల్ యువకుడు. అందరూ నవ్వారు. లెక్చరరు గారు కూడా నవ్వి, “నీకు పలావు, నాకు ప్రాణం” అన్నారు.

పదహారేళ్ళ అమ్మాయి ఒకతె, ఇక్కడే పుట్టి పెరిగినది, చెయ్యెత్తి అడిగింది. “అంకుల్, ఎంబ్రియోకి మనం చెప్పం కదా, ఇలా యూజ్ చేస్తాం అని? సో అది నో అనలేదు. మరి హౌ ఈజ్ దట్ ఫెయిర్?”

వాళ్ళమ్మ, “నోర్ముయ్యవే, పెద్దవాళ్ళ మధ్య” అని చెయ్యి లాగింది.

“లాగకమ్మా. అడగాల్సిందే అడిగింది” అంటూ అప్పుడు నా భార్య లేచింది. కుర్చీ వెనుక చెయ్యి ఆనించి నిలబడింది. “అందరూ ఒక్కమాట వినండి. ఈ ప్రశ్న మా ఇంట్లో ఎందుకు వచ్చిందో మీరు ఊహించే ఉంటారు. అలాంటి వైద్యానికి నన్ను రమ్మని అడిగారు. నేనింకా ఏమీ చెప్పలేదు. మొన్న ఈయన ఇళ్ళకు వస్తే మీరంతా నన్ను చూసి సరేనన్నారు. దానికి మీకు రుణపడి ఉంటాను. కానీ నాకది వద్దు. ఇవాళ నా చెయ్యి చూసి వేయకండి. మీ మనసు చూసుకుని వేయండి. కాదని వేసినవాళ్ళు కూడా రేపు నా పక్కనే కూర్చుని నా పులిహోర తినాలి.”

అందరూ లేచారు. తరువాత వంటగది ముందు వరస కట్టారు.

పదహారేళ్ళు నిండినవారు నా భార్యతో కలిపి ముప్ఫై రెండు మంది. ముప్ఫై రెండు మూళ్ళు తొంభై ఆరు గింజలు నేనే లెక్కపెట్టి అరచేతుల్లో పెట్టాను. కొందరు లోపలికి వెళ్ళి అరనిమిషంలో వచ్చారు. లెక్చరరు గారు నాలుగు నిమిషాలు ఉన్నారు. వరంగల్ యువకుడు ఈల వేస్తూ వెళ్ళి ఈల వేస్తూ వచ్చాడు. అతని భార్య వచ్చినప్పుడు ముఖం తడిగా ఉంది. కుళాయి దగ్గర కడుక్కుని ఉంటుందనుకున్నాను. నా భార్య చివర వెళ్ళింది.

డబ్బాలు బల్ల మీదికి తెచ్చి అందరి ముందూ లెక్కించాను. రెండో డబ్బాలో అరవై నాలుగు, సరిపోయింది. మొదటి డబ్బాలో ముప్ఫై రెండు ఉండాలి. ముప్ఫై ఒకటే ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టాను. ముప్ఫై ఒకటే. వంటగది నేల అంతా వెతికించాను. లేదు.

“వీడు తినేసుంటాడు అంకుల్!” అని ఎవరో ఒక కుర్రవాణ్ణి చూపించారు.

“ఉడకని శెనగలు ఎవరు తింటారు అంకుల్? ఛీ, గ్రోస్!” అన్నాడు వాడు.

ఒక్క సంగతి నాకు ఆ క్షణంలోనే తట్టింది. ప్రతి రకంలోనూ సరిగ్గా ముప్ఫై రెండు గింజలు పంచాను. రెండు డబ్బాల్లోవీ కలిపి రకాలవారీగా విడదీస్తే, ఏ రకంలో ఒకటి తగ్గిందో తెలుస్తుంది. తప్పిపోయిన గింజ ఏదో, దానితో ఆ మనిషి మనసులో ఏముందో బయటపడుతుంది. ఎవరిదని ఎవరైనా ఒప్పుకుంటే ఆ మనిషి ఓటు అందరి ముందూ తేలిపోతుంది. నా చెయ్యి రెండో డబ్బా వైపు వెళ్ళింది. ఎవరిదీ ఎవరికీ తెలియదని మాట ఇచ్చి ఉన్నాను. ఆ డబ్బాకు మూత పెట్టేశాను. లెక్క సరిపోనిదాన్ని అలాగే వదిలేయడం నాకు బాగా అనిపించలేదు, అయినా వదిలేశాను.

ఫలితం చదివాను. సమ్మతం పదిహేడు. అసమ్మతం ఆరు. తేల్చుకోలేనివారు ఎనిమిది.

“ఆరుగురా? ఎవరు అంకుల్ వాళ్ళు?” అన్నాడు వరంగల్ యువకుడు.

“తెలియకూడదనే కదా బాబూ డబ్బా.”

ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా పళ్ళాలు అందుకున్నారు. నా భార్య తన పులిహోర తానే వడ్డిస్తానని గరిట పట్టుకుంది. చెయ్యి వణికి కాస్త బల్ల మీద పడింది. ఆమె నా వైపు తిరిగి, చాలా రోజుల తరువాత తేలికగా నవ్వింది. “ఇప్పుడు నమ్ముతాను” అంది. అందరూ రెండోసారి వడ్డించుకున్నారు. పులిహోర గిన్నె అడుగంటింది.

మరునాడు ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు తలుపు చప్పుడైంది. బయోటెక్ ల్యాబ్‌లో పనిచేసే ఆ అమ్మాయి, ఒక్కతే వచ్చింది. ముందురోజు నా భార్య పాప కోసం పులిహోర పెట్టి ఇచ్చిన డబ్బా తిరిగి ఇవ్వడానికి. ఖాళీగా ఇవ్వకూడదు కనుక అందులో కొబ్బరి ఉండలు. కూర్చోమంటే కూర్చుంది గానీ డబ్బా చేతిలోంచి వదలలేదు.

“అంకుల్, నేను మీకు ఇంట్లో అబద్ధం చెప్పాను” అంది.

“ఏం చెప్పావమ్మా?”

“అవునన్నాను. నిన్న మినుము వేశాను.”

నేను ఆమె మాట ఆపబోయాను. ఎవరు ఏది వేశారో నాకు తెలియకూడదు. నా భార్య నన్ను కళ్ళతోనే వారించి, “చెప్పు తల్లీ” అంది.

“ఆంటీ, నేను వర్క్‌లో రోజూ సెల్స్ పెంచుతాను. వాటికి ఫీడ్ చేయకపోతే ఎక్కడ చచ్చిపోతాయోనని సండే కూడా వెళ్తాను. నాకు ఈ సైన్స్ అంటే భయం లేదు. కానీ మావి మూడు ఎంబ్రియోలు క్లినిక్‌లో ఫ్రీజ్ చేసి ఉన్నాయి. పాప కూడా అలా పుట్టిందే. ప్రతి ఇయర్ అడుగుతారు, ఉంచాలా, తీసేయాలా, రీసెర్చ్‌కి ఇస్తారా అని. ఈయన ఇచ్చేద్దాం అంటారు. కరెక్టే. నేను ప్రతి ఇయర్ ఉంచండి అనే చెప్తాను.”

“ఇంకా పిల్లలు కావాలనా?”

“లేదాంటీ. డాక్టర్ వద్దన్నారు కూడా. అయినా ఇవ్వలేను. పాపతో పాటు అదే రోజు, అదే ల్యాబ్ డిష్‌లో ఉన్నాయి అవి. పాపను చూసినప్పుడల్లా...” అని ఆగింది. తరువాత నా వైపు తిరిగి, “అంకుల్, మీకు అది ఒకటే ప్రశ్న. నాకు రెండు. ఆంటీ తీసుకోవచ్చా అంటే హండ్రెడ్ టైమ్స్ యెస్. నేను ఇవ్వగలనా అంటే నో. డబ్బాలో మాత్రం ఒక్కటే వేయమన్నారు. అందుకే మినుము వేశాను. ఆంటీకి అగైన్‌స్ట్‌గా వేసినట్టనిపించి రాత్రంతా నిద్ర పట్టలేదు” అంది.

ఇవ్వడం, పుచ్చుకోవడం. రెండు విషయాలను ఒకే వాక్యంలో కట్టి అడిగితే వచ్చే జవాబు దేనికో తెలియదు. ప్రశ్నావళి తయారుచేసే కొత్తవాళ్ళకు మొదటి వారంలోనే చెప్పే సంగతి ఇది. రెండుసార్లు కొలిచాను, రెండోసారి డబ్బాకు మూత కూడా బిగించాను; ప్రశ్నలోని ఆ అతుకు మాత్రం నా కంటపడలేదు.

“లెక్కలో నీది సరిచేయమంటావా?” అని అడిగాను.

“వద్దంకుల్. అలాగే ఉండనివ్వండి. అది నిజమే కదా.”

నా భార్య లేచి వచ్చి ఆ అమ్మాయి పక్కన కూర్చుంది. కొబ్బరి ఉండల డబ్బా ఆమె చేతిలోంచి తీసి బల్ల మీద పెట్టింది.

“నాకు మొదటిది నాలుగో నెలలో పోయింది. రెండోది మూడో నెలలో. అప్పుడు ఎవరూ ఏమీ అడగలేదు, ఉంచాలా తీయాలా అని. నువ్వు నీవి ఉంచుకో. ఎన్నాళ్ళు ఉంచుకోవాలనిపిస్తే అన్నాళ్ళు. ఈయనకు గానీ, నాకు గానీ, మీ ఆయనకు గానీ సమాధానం చెప్పక్కర్లేదు.”

ఆ అమ్మాయి ఏడ్చింది. కాసేపయ్యాక నా భార్య అడిగింది.

“ఒక్కటి చెప్పు. నాకోసం ఇచ్చిందే, ఆవిడెవరో. ఆవిడకూ నీలాగే ఉండి ఉంటుందా?”

“తెలీదాంటీ. కొందరికి ఈజీ కావచ్చు. నాలాంటిదైతే అస్సలు ఈజీ కాదు. కానీ ఇచ్చింది కదా. అది పాస్ట్‌లో అయిపోయింది. ఇప్పుడు ఎవరో ఒకరు తీసుకోకపోతే, ఆమె ఇచ్చింది ఎవరికీ చేరదు. నేను ల్యాబ్‌లో చూస్తాను కదా, చేరనివి చాలా ఉంటాయి.”

నా భార్య కళ్ళజోడు పెట్టుకుంది. తరువాత తన మాత్రల పెట్టె తెమ్మంది. వారం రోజులకు ఏడు గళ్ళున్న ప్లాస్టిక్ పెట్టె అది. ప్రతి ఆదివారం రాత్రి నేనే నింపుతాను. ఆమె శనివారం గడి మూత తెరిచింది. మాత్రలన్నీ ముందురోజే అయిపోయాయి. గడిలో ఒకే ఒక గింజ ఉంది.

“నీ దగ్గరా?” అన్నాను.

“రెండు ఆ రెండో డబ్బాలో వేసేశాను. మూడోది బెజ్జం దాకా తీసుకువెళ్ళి వేయలేకపోయాను. కింద పడిందనుకుంటారులే, వణికే చెయ్యి కదా అని ఊరుకున్నాను. ఆ రెండో డబ్బా విడదీస్తారేమోనని భయపడ్డాను. మీరు మూత పెట్టేసరికి కాస్త స్థిమితపడ్డాను.”

“విడదీయాలనిపించింది” అన్నాను.

“తెలుసు. మిమ్మల్ని చూస్తూనే ఉన్నాను.”

మొదటి డబ్బా అలమరలో ఉంది. ముప్ఫై ఒక్క గింజలూ అందులోనే. తెచ్చి ఆమె ముందు పెట్టాను. ఆ అమ్మాయి డబ్బా పట్టుకోబోతే నా భార్య వద్దని తల ఊపింది. మాత్ర బలం తగ్గే వేళ అది. గింజ బెజ్జం అంచుకు తగిలి టకటక కొట్టుకుంది. ఒకసారి జారి బల్ల మీద పడి దొర్లింది. మేమిద్దరం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. ఆమె దాన్ని మళ్ళీ అందుకుని, ఎడమచేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని వేసింది. అడుగున పడిన చప్పుడు ముగ్గురం విన్నాం.

“పెసర గింజే కదా ఆంటీ?” అంది ఆ అమ్మాయి, ముక్కు తుడుచుకుంటూ. “నేను చూశాను.”

“చూస్తే చూశావులే. నీది నాకు చెప్పలేదా ఏం? నాది నీకు తెలిస్తే తప్పేముంది? ఇంద, కొబ్బరి ఉండ తిను. నువ్వు చేసిందే అయినా.”

సోమవారం ఉదయం తొమ్మిది గంటల నాలుగు నిమిషాలకు, ఆసుపత్రి ఫోన్లు తెరిచిన వెంటనే, నా భార్య తానే ఫోన్ చేసి పరీక్షలకు వస్తానని చెప్పింది. శుక్రవారం దాకా ఆగలేదు. పరీక్షలలో ఏం తేలినా, ఆ తరువాత ఏం జరిగినా, అవి ఈ లెక్కలోవి కావు. ఆ అమ్మాయి తన సంగతి భర్తకు తానే చెప్పింది. పేర్లు లేకుండా రాయవచ్చని నాకూ చెప్పింది. ఆ సంవత్సరం కూడా వాళ్ళు క్లినిక్‌కు ‘ఉంచండి’ అనే జవాబిచ్చారు. తక్కిన ఐదు మినప గింజలూ ఎవరివో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఒక గింజ వెనక ఉన్నది విన్నాక, మిగిలినవాటి వెనక కూడా ఏదో ఒకటి ఉండి ఉంటుందని మాత్రం ఒప్పుకుంటున్నాను. ఇది అంకె కాదని తెలిసే రాస్తున్నాను.

పదిహేనో తేదీన వేసినవి, పదహారో తేదీన వేసినది కలిపి తుది లెక్క ఇది. సమ్మతం పద్దెనిమిది. అసమ్మతం ఆరు. తేల్చుకోలేనివారు ఎనిమిది. మొత్తం ముప్ఫై రెండు.